అగ్గువ టికెట్టు మీద అక్క ప్రయాణం

నేను మొదటిసారి షార్జా పోయినప్పుడు కరీంనగర్ నుంచి బొంబాయి దాకా బస్సులో పోయాను. మాది చొప్పదండి పక్కన పల్లె. బస్సు ఎక్కించడానికి ఊళ్లో సగం మంది వచ్చారు. కన్నతల్లి, మా అవ్వ, బస్సు కిటికీ పట్టుకుని వదల్లేదు. బొంబాయిలో ఎక్కిన విమానంలో అడగకుండానే అన్నం పెట్టారు, కప్పుకోవడానికి దుప్పటి ఇచ్చారు, తలకింద పెట్టుకోవడానికి చిన్న మెత్త ఇచ్చారు. అంత మర్యాద నాకు అంతకుముందు ఎక్కడా జరగలేదు. భయంతో అన్నం సరిగ్గా తినలేకపోయానుగానీ, ఆ ప్లేటును ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ టికెట్ నేను లారీ నడపడానికి కుదిరిన కంపెనీ కొనిచ్చింది. రెండేళ్లకొకసారి ఇచ్చేది. మధ్యలో సొంతంగా కొనుక్కుని వచ్చే తాహతు నాకు లేదు, నాతోటివాళ్లకూ లేదు. అందుకే ఊళ్లో ఏం జరిగినా నన్ను ఎవరూ తప్పుపట్టేవారు కాదు. తమ్ముడి పెళ్లి నేను లేకుండానే అయింది. ఫోన్‌లో బ్యాండు చప్పుడు వినిపించారు. "వాడెట్ల వస్తడు, టికెట్ ఏమన్న అగ్గువనా?" అని మా తండ్రి బాపే అందరికీ నా తరఫున జవాబు చెప్పాడట. రాలేకపోయినందుకు బాధ ఉండేది. అయినా ఆ బాధలో ఒక నిమ్మళం కూడా ఉండేదని చాలా ఏళ్ల తర్వాతగానీ నాకు తెలియలేదు.

తర్వాత హైదరాబాద్ నుంచే నేరుగా విమానాలు వచ్చాయి. వాటి వెనకే తక్కువ రేటుకు తిరిగే అగ్గువ విమానాలు వచ్చాయి. పనివాళ్లం ఉండే మా క్యాంపులో సెలవు దొరికిన ప్రతివాడూ ఫోన్‌లో రేట్లు చూసుకోవడం మొదలుపెట్టాడు. సీజన్ కాని రోజుల్లో టికెట్ మా నెల జీతంలో చిన్న ముక్కకు దొరికేది. మొదట్లో పండగలా ఉండేది. రానురాను ఊళ్లో అందరికీ ఆ సంగతి తెలిసిపోయింది. చెల్లె బిడ్డకు శారీ ఫంక్షన్ అంటే ఫోన్, బావమరిది కొత్తింటి దావత్ అంటే ఫోన్. "టికెట్ అగ్గువనే ఉన్నదట గద, వచ్చిపోరాదు?" అనేవాళ్లు. రానంటే ఇష్టం లేదన్నట్టే. రెండు రోజుల సెలవు పట్టుకుని వచ్చేవాణ్ని. వెనక్కి వాలని సీటులో మోకాళ్లు ముందు సీటుకు తాకుతూ వచ్చి, దావత్ తిని, అదే సీటులో వెనక్కి పోయి, మరునాడు లారీ స్టీరింగ్ పట్టుకునేవాణ్ని. నా నడుము నొప్పి ఎక్కడ మొదలైందని డాక్టర్ అడిగితే, లారీ సీటులోనో విమానం సీటులోనో అన్నాను.

అక్కను తీసుకుపోయిన సంగతి చెప్పాలి. అక్క నాకంటే పెద్దది. ఖానాపూర్ దగ్గరి పల్లెకు ఇచ్చారు. పత్తి, మక్క చేలలోనే ఆమె జీవితం గడిచింది. ఒక్కతే బిడ్డ. నేను కోడలా అని పిలిచే ఆ మేనకోడలు భర్తతో కలిసి షార్జాలోనే ఉంటుంది, ఒక పెద్ద దుకాణంలో బిల్లు కౌంటర్లో పనిచేస్తుంది. ఆమెకు మొదటి కాన్పు. తల్లిగారింటికి రావాల్సింది. సెలవు దొరికేసరికి నెలలు మీదపడ్డాయి, అన్ని నెలలు నిండినవాళ్లను విమానం ఎక్కనివ్వరు. బిడ్డ రాలేకపోతే తల్లే పోవాలని ఇంట్లో అనుకున్నారు. నేను సెలవు మీద ఊళ్లో ఉన్నాను కాబట్టి తిరుగు ప్రయాణంలో అక్కను వెంట తీసుకుపోయే పని నాకు పడింది.

అవి అక్కడ బడులు తెరిచే రోజులు. సెలవులకు వచ్చిన కుటుంబాలన్నీ ఒక్కసారే వెనక్కి పోతుంటాయి. కోడలి భర్త, నాకు వరసకు అల్లుడు, రోజూ ఫోన్ చేసేవాడు. "పొద్దున చూసిన రేటు మాపటికి లేదు మామా. చూసినకొద్దీ పెరుగుతున్నది," అనేవాడు. కాన్పుకు పది రోజుల ముందు చేరేట్టు చూస్తే టికెట్ మామూలు రేటుకు మూడింతలుంది. డాక్టర్ చెప్పిన తారీఖుకు కొంచెం ముందు ఒక్క రోజు మాత్రం తక్కువకు ఉంది. కోడలే తేల్చేసింది: "గదే తియ్యి మామా. డాక్టర్ చెప్పిన రోజుకైతే అవ్వ వచ్చేస్తది గద." టికెట్ తీశాక బ్యాగుకు వేరే, కూర్చునే సీటు మనమే ఎంచుకుంటే వేరే, భోజనానికి వేరే అని ఫోన్ ఒక్కొక్కటే అడిగింది. బ్యాగు ఒక్కటి తీసుకుని మిగతావన్నీ వద్దన్నాను.

ముందురోజే హైదరాబాద్‌లో చుట్టాలింట్లో దిగి, పొద్దున్నే ఎయిర్‌పోర్టుకు చేరాం. అక్క కట్టుకున్న చీర కొత్తది, కాళ్లకు కొత్త చెప్పులు. కౌంటర్ దగ్గర బ్యాగు తూకం వేసిన అమ్మాయి, "అమ్మా, బరువు ఎక్కువుంది. డబ్బు కట్టాలి, లేదంటే తీసేయాలి," అంది.

ఎంత కట్టాలో అడిగి అక్కకు చెప్పాను. అక్క బ్యాగును పక్కకు లాగి, నేల మీద కూర్చుని జిప్పు విప్పింది. సొంటి, ఓమ, బెల్లం, నెయ్యి డబ్బా, బాలింతకు పెట్టే కాయం, వెల్లిపాయలు, పసిపిల్లను చుట్టడానికి మెత్తబడ్డ పాత నూలు చీరలు. అడుగున ఒక పొట్లంలో గసగసాలు కనిపించాయి. అక్కడ వాటిని మత్తుమందు కింద లెక్కేస్తారు, పట్టుబడితే జైలే.

"ఇవి ఎందుకు పెట్టినవక్కా? చెప్పిన గద వద్దని!"

"కూరల ఏస్తరు గద అని పెట్టిన. గింత గసాలకు జైలుల ఏస్తరా?" అంది నమ్మలేనట్టు. పొట్లం చెత్తడబ్బాలో వేశాను. అయినా బరువు దిగలేదు, ఇద్దరికీ కలిపి ఉన్నది ఆ ఒక్క బ్యాగే. అక్క పాత చీరలు తీసి ఒళ్లో పెట్టుకుంది. నెయ్యి వదులుతుందిగానీ ఆ చీరలు వదలదని ముఖం చూస్తే తెలుస్తోంది.

మా వెనక వరసలో ఆదిలాబాద్ నుంచి వచ్చిన ముస్లిం అమ్మాయి ఒకతి నిలబడి ఉంది. షార్జాలో టైలరింగ్ చేసే భర్త దగ్గరికి పోతోందట. కొంతసేపు చూసి దగ్గరికి వచ్చి, "ఫికర్ జెయ్యకు అమ్మా. నా బ్యాగుల జాగ మస్తున్నది, ఇటియ్యి," అంది.

పరాయివాళ్ల సామాను ఒకరిది ఒకరు తీసుకోవద్దని ఇన్నేళ్లలో నేనే ఎంతమందికో చెప్పాను. ఆ మాటే ఆమెకూ చెప్పాను. ఆమె చీరలు ఒక్కొక్కటి విప్పి, దులిపి, మళ్లీ మడిచింది. "నా కండ్ల ముంగటనే విప్పి చూసిన గద భయ్యా. చీరలే. ఇంక పరేషాన్ ఏంది?" అని తన బ్యాగులో సర్దుకుంది. అక్క ఆమె గదవ పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

లోపలికి పోయి గేటు దగ్గర కూర్చున్నాక విమానం ఆలస్యమని చెప్పారు. కారణం చెప్పలేదు. గంట తర్వాత ఇంకా ఆలస్యమన్నారు. మాలాగే పోతున్నవాళ్లంతా అక్కడే: జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కువాళ్లు, మరునాడు డ్యూటీలో చేరకపోతే జీతం కోత పడేవాళ్లు. కొందరు గేటు దగ్గరున్న ఎయిర్‌లైన్స్ అమ్మాయి మీద అరవడం మొదలుపెట్టారు. ఆ పిల్ల నిలబడే జవాబు చెప్తోంది, గొంతు బొంగురుపోయింది.

"గా పిల్లను తిడితే ఏమొస్తది?" అంది అక్క. "ఆమె నడుపుతదా విమానం?"

మధ్యాహ్నం అందరికీ తలా ఒక సమోసా, ఒక జ్యూస్ డబ్బా ఇచ్చారు. మేం తెచ్చుకున్న సర్వపిండి రొట్టెలు విప్పి ఆదిలాబాద్ అమ్మాయితో కలిసి తింటుండగా అల్లుడు ఫోన్ చేశాడు. కోడలికి నొప్పులు మొదలయ్యాయి, దవాఖానకు తీసుకొచ్చాను అన్నాడు. 

అక్కకు చెప్పాను. చేతిలో ముక్క కాగితం మీద పెట్టి, సంచి భుజాన వేసుకుని లేచి నిలబడింది. అటు చూసింది, ఇటు చూసింది. పోవడానికి ఎటూ లేదు. కొంతసేపు అట్లాగే నిలబడి మళ్లీ కూర్చుంది.

"గా అద్దాల అవతల గన్ని విమానాలు ఉన్నయి గద తమ్మీ. అండ్ల ఒక్కటన్న గాడికి పోదా?"

"పోయినా మన టికెట్ దానికి చెల్లదక్కా."

"ఇంకోటి కొను."

ఫోన్ తీసి చూశాను. అన్నం, దుప్పటి ఇచ్చే పెద్ద విమానం ఒకటి ఉంది. అప్పటికప్పుడు కొనాలంటే దాని రేటు చూసి కళ్లు తిరిగాయి. అయినా కొనేవాణ్నే. కానీ అది మా విమానం కంటే ఆలస్యంగా పోతుంది. ఆ మాటే చెప్పాను. అక్క తలూపింది.  ఆదిలాబాద్ అమ్మాయి ఆమె చెయ్యి తన చేతుల్లో పెట్టుకుని, పెదాలు కదుపుతూ ఏదో దువా చదువుకుంటూ కూర్చుంది.

మమ్మల్ని విమానం ఎక్కడానికి పిలవకముందే వీడియో కాల్ వచ్చింది. ఆడపిల్ల. అల్లుడు ఫోన్ అటూ ఇటూ తిప్పుతున్నాడు, ఏదీ సరిగ్గా కనపడదు. ఎర్రటి చిన్న ముఖం, తర్వాత తెల్లటి గోడ, తర్వాత మంచం మీద కోడలు. కోడలు కళ్లు సగం తెరిచి, "అవ్వా, ఏడున్నవ్?" అని అడిగింది.

"వస్తున్న బిడ్డా. గిక్కడనే ఉన్న. వస్తున్న," అంది అక్క.

ఫోన్ పెట్టేశాక చుట్టూ కూర్చున్నవాళ్లు సంబురపడ్డారు. ఇందాక గేటు దగ్గర అరిచినవాళ్లలో ఒకడే పోయి లడ్డూలు కొనుక్కొచ్చి అందరికీ పంచాడు, గేటు దగ్గరి అమ్మాయికి కూడా. అక్క లడ్డూ చేతిలో పట్టుకుని తినకుండా కూర్చుంది. "ఆడ ఒక్క ఆడమనిషి లేదురా దానికి," అంది నాతో మెల్లగా.

సాయంత్రం విమానం ఎక్కించారు. అక్క సీటు ముందు, నాది చివర. ఆమె పక్కన కూర్చున్నతన్ని సీటు మార్చుకోమని అడిగాను. "కిటికీ సీటని పైసలు కట్టి తీసుకున్న అన్నా, ఏమనుకోకు," అన్నాడు. ఏమనుకుంటాను? కళ్లు ఎర్రగా, గడ్డం మాసి, నాలాగే ఉన్నాడతను. అతని పక్కన మధ్య సీటులో అక్క ఒదిగి కూర్చుంది. నేను వెనక్కి పోయాను. టీలు, బిర్యానీలు అమ్మే బండి వచ్చినప్పుడు లేచి అక్క కోసం చూశాను. తల ముందు సీటుకు ఆనించుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాను. దిగాక అడిగితే, ఒక్క రెప్ప కూడా వేయలేదంది. ఏమన్నా కొనుక్కోలేదేమంటే, "నాకు ఆకలి కాలే తమ్మీ," అంది.

షార్జాలో దిగాక ఆదిలాబాద్ అమ్మాయి బ్యాగు విప్పి చీరలు తీసిచ్చింది. ఆమె భర్త బయట ఎదురుచూస్తున్నాడు. ఫోన్ నంబరు రాసుకోవాలని ఇద్దరికీ తోచలేదు. టాక్సీలో నేరుగా దవాఖానకు పోయాం. గదిలోకి ఒక్కరినే పంపారు. అక్క వాకిట్లోనే చెప్పులు విడిచింది. నర్సు వద్దన్నా వినలేదు. చేతులు రెండుసార్లు కడుక్కుని లోపలికి పోయింది. నేను బయట కుర్చీలో కూర్చున్నాను. లోపలి నుంచి కోడలి ఏడుపు వినపడింది, ఆ తర్వాత అక్క గొంతు. మాటలు వినపడలేదు, అనునయిస్తోందని మాత్రం తెలిసింది. అల్లుడు నా పక్కన కూర్చుని, "నేను బయటనే నిలబడ్డ మామా. ఏం జెయ్యాల్నో తెల్వలే," అన్నాడు. అతని భుజం మీద చెయ్యి వేశాను.

వీసా ఉన్నన్నాళ్లు అక్క అక్కడే ఉంది. పిల్లకు నీళ్లు పోసింది, కూతురికి కాయం తినిపించింది, పద్నాలుగో అంతస్తు కిటికీలోంచి ఎడారిని చూసింది. వచ్చేటప్పుడు ఒక్కతే విమానం ఎక్కి వచ్చింది. ఆ మరుసటేడు నేను ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చేశాను.

మొన్నామధ్య కోడలు మళ్లీ ఫోన్ చేసింది. ఏదో ఆఫర్ ఉందట, వచ్చిపో అవ్వా అని. "నేను రానే బిడ్డా. నా కాళ్లతోని అయితలేదు. మీరే రాండ్రి," అంది అక్క. వాళ్లు వచ్చారు. దొరికిన సెలవు కొంచెమే. అందులో ఖానాపూర్‌లో ఒక పెళ్లి, చొప్పదండి దగ్గర మా ఇంట్లో ఒక పూట, కరీంనగర్‌లో అత్తగారి తరఫు చుట్టాలు. కోడలు ప్రతి ఇంట్లో నవ్వుతూ ఫొటోలు దిగింది. బండి ఎక్కిన ప్రతిసారీ నిద్రపోయింది. పిల్లకు జలుబు చేసింది.

తిరిగిపోయే రోజు నేనూ అక్క ఇంటికి పోయాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక కోడలు వాకిట్లో చాప మీద అక్క తొడపై తల పెట్టుకుని పడుకుంది. మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రలోకి పోయింది, చేతి గాజులు ఇంకా తీయలేదు. బయట ఎయిర్‌పోర్టు కారు వచ్చి హారన్ కొట్టింది. అల్లుడు బ్యాగులు ఎత్తుకుంటూ లేపమన్నట్టు అక్క వైపు చూశాడు.

అక్క బిడ్డ నుదుటి మీది వెంట్రుకలు పక్కకు తీసింది. "జర పండనియ్యుండ్రి," అంది.

నేను బయటికి పోయి కారు డ్రైవర్‌ను లోపలికి పిలిచి, చాయ్ తాగిపొమ్మన్నాను.