బుట్టలో కుందేలు

పిల్లలు అబద్ధం చెబుతారో చెప్పరో అన్న భయంతోనే నా వయసంతా గడిచిందంటే ఎవరూ నమ్మరు. కానీ నిజం. మా అక్క ఆడించే చేతిబొమ్మలాటలో నాది నక్క. నా ముఖం చూసి ఇచ్చావా అని అడిగితే, గొంతు చూసి ఇచ్చినానప్పా అనేది. కుందేలు మాత్రం ఆమెదే.

కథ చాలా చిన్నది. నక్క తరుముకొస్తుంటే కుందేలు పిల్లలందరి కళ్ళెదుటే ఒక బుట్టలో దూరి మూత వేసుకుంటుంది. నక్క వచ్చి, కుందేలు ఎటు పోయిందని పిల్లల్నే అడుగుతుంది. పిల్లలు చేతులు చాచి వేరే దిక్కు చూపించాలి. నక్క అటు పరుగెత్తి, గోడకు గుద్దుకుని, కుంటుకుంటూ ఉత్త కడుపుతో వెళ్ళిపోవాలి.

"పిల్లోల్లు అబద్ధం చెప్పేకాడే అప్పా మన ఆట ఉండాది. మిగతాదంతా ఉత్త గుడ్డపీలికలు," అనేది అక్క. ఆ పీలికలు కూడా మా బెంగళూరు బళేపేట బట్టల అంగళ్ళలో అడిగి తెచ్చుకున్నవే.

తొంభైలలో చుట్టుపక్కల చిన్న బడుల్లో, గణపతి పందిళ్ళలో ఆడేవాళ్ళం. ఆ పిల్లలు తెలుగూ కన్నడా కలిపి, ఒక్క గొంతుతో, కన్నార్పకుండా అబద్ధం చెప్పేవారు. కొందరు లేచొచ్చి నక్క చెయ్యి పట్టుకుని మరీ తప్పుదారికి లాక్కెళ్ళేవారు. అయినా ఆ ప్రశ్న అడిగే ముందు ప్రతిసారీ ఒక క్షణం ఆగేవాణ్ణి. తెరకున్న కంతలోంచి చూస్తూ, ఈసారి ఎవరూ నోరు తెరవకపోతే ఏం కావాలి అనుకునేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటాక ఆ భయానికి కారణాలు కూడా దొరికాయి. ఇంట్లో రోజంతా కార్టూన్లు చూసే పిల్లలు వచ్చారు. ఎక్కడెక్కడి నుంచో ఉద్యోగాలకు వచ్చినవాళ్ళ పిల్లలు, ఎవరి భాష వాళ్ళది. నక్క ఇంగ్లీషు నేర్చుకుంది, నాకన్నా బాగానే మాట్లాడింది. అక్క ఏటేటా ఏదో ఒకటి కొత్తగా కుట్టేది. నక్కకు ఒక ఏడు టై, ఒక ఏడు మెడలో ఐడీ కార్డు. కుందేలు అడవిలో కాక రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో పరుగెత్తడం మొదలుపెట్టింది. నక్క చేతికి సెల్‌ఫోన్ ఇచ్చిన రోజు పిల్లలు కుందేలు సంగతే మరిచిపోయి, "అంకుల్, అందులో గేమ్స్ ఉన్నాయా?" అని అడిగారు. ఆ ఫోన్ మళ్ళీ తెర మీదికి రాలేదు.

ఇన్ని మార్చినా, నక్క అడిగే ప్రశ్న జోలికి మాత్రం అక్క పోలేదు. కథే మార్చేద్దాం అని ఒకసారి అన్నందుకు ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

ఒక్కొక్క బడీ మమ్మల్ని పిలవడం మానేసింది. చివరికి మహదేవపురలో ఒక నర్సరీ స్కూలు మిగిలింది. అక్కడికి కొత్తగా వచ్చిన మేడమ్ ఫోన్‌లో మర్యాదగానే చెప్పింది: "పిల్లలు మా దగ్గర మూడేళ్ళు ఉంటారు కదా, చూసిందే చూస్తున్నారు. ఈసారి చూశాక చెబుతాను."

"ఈమె కూడా వద్దంటే బొమ్మల్ని ట్రంకులో పెట్టేస్తానప్పా," అంది అక్క. ఊరికే అనే మనిషి కాదు. పెళ్ళి వద్దనుకుంది, దొరికిన ఉద్యోగం వదులుకుంది, పట్టుకున్నది ఆ ఒక్క కుందేలునే. ట్రంకు మూత పడితే ఆమె ఏమైపోతుందో అన్న దిగులు నన్ను వదల్లేదు. ఆట రోజు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా నాకు బయటికి చూడబుద్ధి కాలేదు.

ఆట మొదలైంది. కుందేలు బుట్టలో దూరింది. నక్క వచ్చి ప్రశ్న అడిగింది.

ముందు కూర్చున్న చిన్నపిల్లలు చేతులన్నీ తలుపు వైపు చాచారు. హమ్మయ్య అనుకునేలోపు వెనకనుంచి పెద్ద పిల్లలు లేచారు, మూడో ఏడు చూస్తున్నవాళ్ళు. "బాస్కెట్‌లో ఉంది, చూడు," అంది రెండు జడల పిల్ల ఒకతి. మిగిలినవాళ్ళూ బుట్టనే చూపించారు. చిన్నవాళ్ళు వెనక్కి తిరిగి వాళ్ళమీద అరిచారు. మేడమ్ కుర్చీలో ముందుకు వంగింది.

నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తెర వెనక నా పక్కనే గొంతుక్కూర్చున్న అక్క నా వైపు చూసింది. ముఖంలో రక్తం లేదు. గోడకేసి పరుగెడితే, నక్క వినీ విననట్టు నటిస్తోందని పెద్ద పిల్లలకు తెలిసిపోతుంది. మూత తీస్తే చిన్నవాళ్ళు ఏడుస్తారు. ఎటుపోయినా ఆట ముగిసినట్టే. వేరే దారి తోచక మూత తీశాను.

 ముందు వరసలో ఎవరో వెక్కడం వినిపించింది. కుందేలు మెల్లగా పైకి లేచింది.  కుందేలు నక్కను చూసింది. ఏం మాట్లాడాలో తోచనప్పుడు బెంగళూరులో ఎవరైనా ఎదుటివాళ్ళను అడిగే మాటే అడిగింది.

"ఊట ఆయ్తా?"

కన్నడం రాని పిల్లల కోసం మళ్ళీ మెల్లగా అడిగింది. "అన్నం తిన్న్యావా అప్పా?"

నాకు నవ్వు రావాలి. రాలేదు. ఇన్నేళ్ళూ ఆకలితో కుంటుకుంటూ పోయిన నా నక్కను ఆ మాట ఒక్కరూ అడగలేదు. మొదటిసారి దానిమీద నాకే జాలేసింది.

"ఇంకా లేదు," అంది నక్క, తల వంచుకుని.

హాలు నవ్వులతో మోగిపోయింది. వెక్కుతున్న పిల్లవాడు కూడా నవ్వాడు. ఎవరో తెర అంచు మీద సగం కొరికిన బిస్కెట్ పెట్టి వెళ్ళారు. నక్క దాన్ని కరకరమని నమిలినట్టు చేసింది, కుందేలు దాని మూతి తుడిచింది. తర్వాత ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియక తెర దించేశాం.

మేడమ్ వచ్చి వచ్చే ఏడు కూడా రమ్మంది. అక్క తల ఊపింది గానీ ఆమె ముఖం తేటపడలేదు.

"వచ్చే ఏడు ఏం చేసేదప్పా? ఇది కూడా తెలిసిపోయె గదా పిల్లోల్లకి," అంది తెర మడుస్తూ.

అప్పుడే రెండు జడల పిల్ల మా దగ్గరికి వచ్చింది. అక్క ఆమె ముందు కూర్చుని, "ఎందుకు చెప్తివి తల్లీ?" అని అడిగింది.

"ఎవ్రీ ఇయర్ ఆకలితోనే వెళ్ళిపోతోంది, పాపం."

"అట్లయితే వచ్చే సారి కూడా నువ్వే చెప్పాల మల్ల."

"నేను ఉండను ఆంటీ. ఫస్ట్ స్టాండర్డ్‌కి వేరే స్కూల్."

అక్క నా వైపు చూసింది.  ఆ పిల్ల మమ్మల్ని వదిలేసి, ఇంకా నా చేతికే ఉన్న నక్క దగ్గరికి జరిగి, దాని చెవి పట్టుకుని గుసగుసగా చెప్పింది.

"నెక్స్ట్ ఇయర్ కూడా చిన్నపిల్లలు నీకు అబద్ధమే చెప్తారు. నువ్వు నమ్మకు. నువ్వే చూసుకో."

నక్క తల ఊపింది.