గాలి దొరికిన సందు

దేనికీ పెద్దగా భయపడని వయసొకటి ఉంటుంది. అది నాకూ ఉండేదంటే మా ఆయన నమ్మడు. డిగ్రీ పూర్తిచేసి నాచారంలో ఒక చిన్న బడిలో సైన్సు టీచరుగా చేరిన ఆ రోజుల్లో, తెలియని సంగతి ఎదురైతే నాకు గుండెదడ వచ్చేది కాదు, చేతులు దురదపెట్టేవి. (ఇప్పుడు పాప తుమ్మితే చాలు, ఫోన్లో వెతికి నాలుగు జబ్బులు ఖాయం చేసుకుంటాను.)

గాలితో కరెంటు పుట్టడం పిల్లలు కళ్లారా చూడాలని ఒక సంస్థ మా బడికి గాలిమర గ్రాంటు ఇచ్చింది. దరఖాస్తు పెట్టింది ఆషాఢంలో. అప్పట్లో మేడ మీద నిలబడితే, ఆ గాలికి మా హెడ్మిస్ట్రెస్ పెద్ద మేడం కొంగు కూడా ఆమె మాట వినేది కాదు. మంజూరై, మర వచ్చి, బిగించేసరికి ఏడాది దాటింది. ఆలోగా పడమటి వైపు ఖాళీ ప్లాటులో అయిదంతస్తుల అపార్ట్‌మెంటు లేచింది. రోజూ చూస్తూనే ఉన్నాం, దాని దుమ్ము తింటూనే ఉన్నాం. అది మా గాలిని మింగుతోందని మాత్రం ఒక్కరికీ తట్టలేదు. మర మూడు రెక్కలూ చాచుకుని మేడ మీద ధ్యానంలో కూర్చుంది.

ఇంతలో ఆ సంస్థ నుంచి గ్రాంటు సారు చూడటానికి వస్తున్నారని కబురు. తిరగకపోతే మరను విప్పి ఘట్‌కేసర్ వైపు ఇంకో బడికి ఇచ్చేస్తారట. పెద్ద మేడం ముఖం వాడిపోయింది. డ్రిల్లు సారు ధైర్యం చెప్పాడు.

"ఫికర్ జెయ్యకుండ్రి మేడం. ఎనకనుంచి కూలర్ పెడ్దాం. గిర్రున తిరుగుతది."

"కూలర్ తినే కరెంటు ముందు ఇది ఇచ్చేదెంత సార్?" అన్నాను నేను.

"ఇచ్చేది ఎవరడిగిన్రమ్మా! తిరుగుడే గదా కావాల్సింది."

వింటున్న ఏడో తరగతి అమ్మాయి నా వైపు తిరిగింది. "టీచర్, మరి మన గాలి యాడికి పోయింది?"

ఆ జవాబు నా డిగ్రీ పుస్తకాల్లో లేదు. "నాకూ తెల్వదు. ఎతుకుదాం పట్టు" అన్నాను. నా పాత చున్నీని చీల్చి, పీలికలను కర్రలకు కట్టి, క్లాసు మొత్తాన్ని వరండాలోకి, మెట్ల మీదికి, గేటు దగ్గరికి పంపాను. "నా తాన ఊగుతలేదు!" "నాది జర కదిలింది!" "కదల్లే, నువ్వే ఊదినవ్, నేను సూసిన!" అని ఒకటే గోల.

గ్రాంటు సారు సరిగ్గా అప్పుడే వచ్చారు, చెప్పినదానికి ఒకరోజు ముందే. గేటు దగ్గర కర్ర పట్టుకున్న పిల్లవాడు ఆయన్ని ఎగాదిగా చూసి, "సార్, మీరు గాలికి అడ్డమొస్తున్నరు. జర పక్కకు జరుగుండ్రి" అన్నాడు. పెద్ద మేడం గోడ పట్టుకున్నారు. ఆయన మాత్రం బుద్ధిగా జరిగి, విషయమేమిటో అడిగి తెలుసుకుని, కాసేపటికి తనూ ఒక కర్ర అందుకున్నారు.

చివరికి గాలి దొరికింది. బడికీ అపార్ట్‌మెంటుకీ మధ్య, మరుగుదొడ్లకు వెళ్లే సందులో! భవనాన్ని తప్పించుకున్న గాలంతా ఆ ఇరుకులోంచే దూసుకొస్తోంది. పీలికలు తెగిపోతాయా అన్నట్టు ఎగిరాయి. "మరను ఇక్కడికి దింపుకోండి. మీ బడిలోనే ఉంటుంది" అన్నారు సారు.

"దొడ్ల కాడ పెడ్తే ఫోటో యాడ దిగాలె సార్?" అని పెద్ద మేడం బాధ.

ఫోటో అక్కడే దిగాం. మర వెలిగించింది ఒక్క చిన్న బల్బునే (అదీ గాలి దయ ఉన్నప్పుడు). ఆ చీకటి సందులోకి ఒంటరిగా వెళ్లడానికి భయపడే ఒకటో తరగతి పిల్లలకు అది చాలింది.

ఇప్పుడు పీర్జాదిగూడలో మా ఫ్లాటుకు గాలి ధారాళంగా వస్తుంది. పాపకు జలుబు చేస్తుందని కిటికీలన్నీ నేనే మూసేస్తాను. జుట్టంతా ముఖాన పడి, కళ్లు కనిపించకుండా నవ్వుతున్న, ఆ సందు ఫోటోలోని అప్పటి నాలాంటి టీచరమ్మను చూస్తే, ఒక్కరోజు మా ఇంటికి పిలిచి కనీసం ఒక కిటికీ అయినా తెరిపించుకోవాలనిపిస్తుంది.