మావయ్య వైఫైకి డ్రైవర్ వేసిన వైనం

అంకులి అనే పేటలో ఉండే మా మావయ్య పొద్దున్నే ఫోన్ చేశారు. రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన కంప్యూటర్లో విండోస్ బదులు లినక్స్ వేసింది నేనే. ఇవాళ దానికి ఇంటర్నెట్ రావడం లేదట. మధ్యాహ్నంలోగా బాగుచేయకపోతే ఎదురింటాయన చేత విండోస్ వేయించేస్తానన్నారు. నా పరువు పోయే వ్యవహారం కాబట్టి వెంటనే బండేసుకుని వెళ్ళాను.

తెర చూడగానే వైఫైని నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, పోయిందని తేల్చేశాను. నా ఫోన్ నెట్‌తో కొత్త డ్రైవర్ దించుకుని వేశాను, తీశాను, మళ్ళీ వేశాను. నల్ల తెర మీద నేను కొడుతున్న కమాండ్లు చూసి అత్తయ్య రెండుసార్లు టీ ఇచ్చింది. రెండు గంటల తర్వాత, ఇక చేసేదేమీ లేక, కంప్యూటర్ డబ్బా వెనకవైపుకి వంగి చూశాను. వైఫై అడాప్టర్ ఉండాల్సిన చోట ఖాళీ కన్నం ఉంది.

"మావయ్యా, ఇక్కడుండే చిన్న ముక్క ఏదీ?"

"అదా? దేవుడికాడ పెట్టినాను. ఇయాల విశ్వకర్మ పూజ కదేటి, పనిముట్లన్నీ పూజలో పెట్టాల. అంత పెద్ద డబ్బా మొయ్యనేక దాన్నొక్కదాన్నే తీసినాను."

"మరి నాకు సెప్పనేదేటి?"

"నువ్వు డ్రైవర్ పోయిందన్నావు గానీ, ఇది పోయిందననేదు గదా."

దేవుడి గదిలో స్పానర్లకీ సుత్తికీ మధ్య, కుంకుమ బొట్టుతో కూర్చుని ఉంది అడాప్టర్. తెచ్చి గుచ్చగానే వైఫై వచ్చింది. నా వల్ల కానిది పూజతో అయిందని మావయ్య ఇప్పుడు వీధంతా చెబుతున్నారు. కాదనడానికి నా దగ్గర రుజువేమీ లేదు.

లినక్స్ తెలిసినవాళ్ళెవరైనా ఉంటే, దేవుడి గదిలో ఏముందో చూపించే కమాండ్ ఒకటి చెప్పండి.