గూడబాతు కడుపులో చిక్కుకున్నాను

అప్పుడు నేను కైకలూరులో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. స్కూల్ ఎగ్జిబిషన్ కోసం మా ఆర్ట్ క్లబ్ వెదురుతో, అట్టలతో పెద్ద గూడబాతు పక్షి బొమ్మను చేసింది. సైన్స్ క్లబ్ వాళ్లు దాని రెక్కలకు మోటారు బిగించారు. లోపల కూర్చుని స్విచ్ వేయడం నా పని.

రెక్కలు కదలగానే నా జడ మోటారుకు చుట్టుకుని తలను లాగేసింది. స్విచ్ చేతికి అందలేదు. "ఆపండీ!" అని అరిచాను. బయట ఒకటే చప్పట్లు.

"ఏవండీ, పక్షి ఎంత బాగా అరుస్తోందో!" అన్నారెవరో.

ఊపిరాడలేదు. ఇక అయిపోయాననుకున్నాను.

"పక్షి కాదండీ, మా అమ్మాయి!" అంటూ మా అమ్మ పరుగున వచ్చి, అట్టలు చించి వైర్లు పీకేసింది. సైన్స్ టీచరు జడ కత్తిరించి నన్ను బయటికి లాగారు.

ఇంటికొచ్చాక మిగిలిన జుట్టుకు నూనె రాస్తుంటే అమ్మ వేళ్లు వణుకుతూనే ఉన్నాయి. నాకంటే ఎక్కువ భయపడింది అమ్మేనని అప్పుడు అర్థమైంది.