షకీలా మాట వినుంటే ఆ నారు బతికేది

నిన్న స్కూల్లో ప్రేయర్ అవుతుండగా షకీలా తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్క లేదు టీచర్. హార్ట్ ఎటాక్."

ప్రేయర్ మధ్యలోనే బయల్దేరాను.

గుంటూరు వెళ్ళి ఆఖరి చూపు చూసొచ్చి ఫోన్ తెరిస్తే, మా ఊరి గ్రూప్ నిండా ఆమె ఫోటోలు, పువ్వులు, దండాలు.

ఒళ్ళు మండిపోయింది. అందుకే రాస్తున్నా.

షకీలా నా కాలేజీ ఫ్రెండ్. జియాలజీ లెక్చరర్. ఎప్పుడో సముద్రంలో బతికిన, ఇసుక రేణువంత జీవుల పెంకుల్ని మైక్రోస్కోప్‌లో చూసి, ఏ మట్టి పొర ఏ కాలానిదో చెప్పేది.

మాది సముద్రానికి దగ్గరి ఊరు. అప్పట్లో తాగునీళ్ళకి బోరు వేస్తున్నారు. పక్కూళ్ళో నల్లమట్టి కింద తియ్యటి నీళ్ళు పడ్డాయి. మాకూ నల్లమట్టి తగిలింది.

"సేమ్ లేయర్. దీని కిందే నీళ్ళు" అన్నాడు కాంట్రాక్టర్ ఇంజనీరు.

నాకెందుకో అనుమానమొచ్చి షకీలాని పిలిచాను. రెండు ఊళ్ళ మట్టీ తెప్పించి మా వంటింట్లోనే కడిగి, జల్లించి చూసింది. నాకూ చూపించింది. బుల్లి బుల్లి నత్తగుల్లల్లా ఎంత బావున్నాయో!

"సువార్తా, రంగొకటే గానీ ఇవి ఒకే పొర కాదే. పక్కూరి మట్టిలో ఉన్న జీవులు మీ మట్టిలో లేవు. మీది చాలా తర్వాత పేరుకున్న మట్టి. దీని కింద ఉప్పునీళ్ళే. ఆ పాత పొర ఇంకా లోతునుంటుంది."

పంచాయతీ ఆఫీసులో ఇదే చెప్పింది.

"గవ్వలు ఏరుకోవాలంటే బీచ్‌కెళ్ళండి మేడమ్" అన్నాడు ఇంజనీరు.

అందరూ పగలబడి నవ్వారు. ఇవాళ పువ్వులు పెట్టినవాళ్ళే!

ట్రయల్ అని మోటార్ వేసి, ఆ నీళ్ళు పక్కనున్న మరియమ్మ పిన్ని మిరప నారుమడిలోకి వదిలారు. ఉప్పునీళ్ళు. నారంతా మాడిపోయింది. పిన్ని గట్టు మీద కూలబడి ఏడుస్తోంది.

"నేచర్ అండీ, ఎవరేం చేస్తాం" అని కారెక్కి పోయాడు ఇంజనీరు.

షకీలా మళ్ళీ వచ్చింది. నేను ముందే చెప్పాగా అని ఒక్క మాట అనలేదు. ఉప్పు పొరని మూయించి, ఇంకా లోతుకి దింపించి, పైకొచ్చే మట్టినల్లా కడిగి చూసింది.

"వచ్చేశాయే! అవే జీవులు!" అని అరిచింది.

ఆ పొర కిందే తియ్యటి నీళ్ళు పడ్డాయి. ఇవాళ ఊరంతా తాగేది అవే.

కొత్త నీళ్ళ ట్యాంకు మీద ఇంజనీరుతో సహా అందరి పేర్లూ రాశారు. ఆమె పేరు లేదు. ఓపెనింగ్‌కి కూడా పిలవలేదు. ఏమండీ అని అడిగితే, "ఆవిడ మనూరి మనిషి కాదుగా టీచరమ్మా" అన్నాడు ప్రెసిడెంటు.

ఆ సంగతి షకీలాకి ఫోన్లో చెప్పాను. "మరియమ్మ గారు మళ్ళీ నారు పోశారా?" అంది.

దాని మనసు అది.

పోయిరా షకీ. ఆ దేవుడు నీకు ప్రశాంతత ఇవ్వాలి.

నాకు మాత్రం ఆ ప్రశాంతత ఇప్పుడే వద్దు.