తలంబ్రాలు ఎవరు కలిపారు

అమ్మ పోయిన నాలుగు నెలలకు, ఆమె టెంటు సామాను గోదాము ఖాళీ చేసి ఇవ్వడానికి శంషాబాద్ వెళ్లాను. షట్టర్ ఎత్తగానే వాసన వచ్చింది. మడిచి పేర్చిన పరదాల వాసన అది. అందులో జనరేటర్ డీజిలూ, ఎండిన బంతిపూలూ, ఎలుకలూ, ఎన్నో పెళ్లిళ్ల నెయ్యి పీల్చుకుని ఎన్ని ఉతుకులకీ పోని బట్టా ఉన్నాయి. నాకు ఏడుపు వస్తుందేమోనని మా ఆయన బయటే నిలబడ్డాడు. రాలేదు. పరదాలు లెక్కపెట్టి, కొనడానికి వచ్చినతని వ్యానులో వేయించాను.

ఈ సామానంతా మొదట మా నాన్నది, బాపు అనేదాన్ని. ఊళ్లో మాకు చిన్న టెంట్ హౌస్ ఉండేది. విమానాశ్రయం తెరిచిన ఏడాది వానాకాలంలో బాపు జ్వరంతో దవాఖానకు వెళ్లి తిరిగి రాలేదు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఇంటి మీదుగా విమానాలు పోవడం కొత్త, అవి తలమీదికి వస్తే అందరం మాటలు ఆపి పైకి చూసేవాళ్లం. బాపును పాడె మీద తీసుకెళ్తున్నప్పుడు కూడా ఒకటి వెళ్లింది. ఏడుస్తున్న వాళ్లు ఏడుపు ఆపి పైకి చూసి మళ్లీ ఏడ్చారు. ఆ రోజుది నాకు బాగా గుర్తున్నది అదొక్కటే.

నెల మాసికం అయ్యాక చిన్నబాపు, అంటే బాపు తమ్ముడు, సామాను అమ్మేద్దామని వచ్చాడు. అమ్మ అమ్మనంది. అప్పటికే చుట్టుపక్కల పొలాలు ప్లాట్లయి, చేతిలో డబ్బు ఆడుతున్న ఇళ్లల్లో పెళ్లిళ్లు పెద్దవవుతున్నాయి. టెంటు ఒకరు, వంట ఒకరు, పూలు ఒకరు అంటూ తిరిగే ఓపిక ఎవరికీ లేదు. అన్నీ తానే చూసుకుంటానంది అమ్మ.

"పెండ్లి పనులు నువ్వెట్ల జేస్తవు వదినా? పొద్దుగాల్నే నీ మొఖం జూసుడు ఎవలకిష్టముంటది?" అన్నాడు చిన్నబాపు.

"కుర్చీలేసేటందుకు మొఖమెందుకు తమ్మీ? చేతులుంటే సాలదా?"

ఆయన చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు.

అలా మొదలైంది. మాఘం వస్తే మా ఇంటి ముందు గుండిగలు బోర్లించి ఉండేవి, వాటి అడుగున మసిని ఇటుక పొడితో తోమిన చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. ఎండాకాలం పెళ్లిళ్లలో ఐసు గడ్డలు గోనెసంచుల్లో వచ్చేవి, వాటి మీది ఊక దులిపి ముక్కలు చప్పరించేదాన్ని. ఆషాఢంలో పని ఉండేది కాదు, అమ్మ చిరిగిన పరదాలు కుట్టుకుంటూ కూర్చునేది, నేను పేర్చిన ప్లాస్టిక్ కుర్చీల మధ్య ఇల్లు కట్టుకుని ఆడుకునేదాన్ని. బతుకమ్మ రోజుల్లో పక్కింటి సత్తెమ్మ పెద్దమ్మ నువ్వుల సద్ది, పల్లీల సద్ది ముద్దలు చేసి మా ఇంటికి పంపేది. ఇంట్లో అన్నం కన్నా ఫంక్షన్ హాళ్లలో బగారా అన్నమే ఎక్కువ తిన్నాను. ఎవరి పెళ్లో తెలియకుండానే పెళ్లికూతుళ్ల కొత్త చీరల గంజి వాసన, మెహందీ వాసన, స్టేజి వెనక పూల తొడిమలు కుళ్లే వాసన చదువుతో పాటు నేర్చుకున్నాను.

ఒక్క హద్దు ఉండేది. హాలంతా అమ్మదే, మండపం అమ్మది కాదు. పసుపు, కుంకుమ, పోకలు, తమలపాకులు, మంగళసూత్రం పెట్టే పళ్లెం ఆమె ముట్టుకునేది కాదు. ఆ పనులకు సత్తెమ్మ పెద్దమ్మను పెట్టుకుంది. మొగుడున్న మనిషి, చేయి మంచిదని పేరు. తలంబ్రాలు కూడా ఆమే మా ఇంట్లో కూర్చుని కలిపేది. అమ్మ గడప ఇవతల నిలబడి ఎంత బియ్యం, ఎంత నెయ్యి అని చెప్పేది. అమ్మ నుదుట చిన్న నల్ల స్టిక్కర్ ఉండేది. ముహూర్తం వేళకు వంటశాల తలుపు దగ్గరికి వెళ్లిపోయేది. ఆమెను ఎవరూ వెళ్లమనేవారు కాదు. అనే అవసరం రానిచ్చేది కాదు.

నాకు పదకొండేళ్లప్పుడు మహేశ్వరం వైపు ఒక పెద్ద పెళ్లి ఒప్పుకుంది. అంతవరకూ చేసినవన్నీ చిన్నవి. ఇది బాగా జరిగితే వాళ్ల చుట్టాలవి మరో మూడు పెళ్లిళ్లు మాకే వస్తాయని పెళ్లికూతురి తండ్రి మాటిచ్చాడు. చెడితే ఆ చుట్టుపక్కల ఇంకెవరూ పిలవరు. అది నాకూ తెలుసు, ఇంట్లో దాని గురించి తప్ప మాట ఉండేది కాదు.

పెళ్లి ముందురోజు మధ్యాహ్నం సత్తెమ్మ పెద్దమ్మ వాకిట్లోనే నిలబడి పిలిచింది. ఆమె మరిది భార్యకు కాన్పయింది.

"పురుడొచ్చింది పద్మా. పది రోజులు నేనేం ముట్టొద్దు. ఎవలనన్న జూసుకో."

అమ్మ నాలుగిళ్లు తిరిగి వచ్చింది. పెళ్లిళ్ల రోజులు, ఎవరి ఇంట్లోనూ ఎవరూ లేరు. తలుపు దగ్గరికి వేసి, బియ్యం చాటలో పోసి, పసుపూ నెయ్యీ వేసి తానే కలిపింది. వంచిన తల ఎత్తలేదు. నేను ఎదురుగా కూర్చుని చూశాను. చేతులు మణికట్ల దాకా పచ్చగా అయ్యాయి. బాపు పోయాక అమ్మ చేతులు ఆ రంగులో చూడటం అదే మొదలు. బాగున్నాయని అన్నాను. ఎవరికీ చెప్పొద్దని అమ్మ అనలేదు. నాకు తెలుసని అనుకుని ఉంటుంది.

మర్నాడు హాల్లో తలంబ్రాల పళ్లేలు నేనే మోసుకెళ్లాను. పెళ్లికూతురి మేనత్త ఒక పిడికెడు తీసి చూసి మురిసిపోయింది.

"ఎంత ముద్దుగ కల్పిన్రే! ఒక్క గింజ తెల్లగ లేదు. ఎవలు కల్పిన్రు?"

"మా అమ్మ," అన్నాను, గొప్పగా.

"మీ అమ్మెవలే?"

నేను వంటశాల తలుపు వైపు వేలు చూపించాను. ఆవిడ అటు చూసింది. పిడికిట్లో బియ్యం మళ్లీ పళ్లెంలో పోసేసి, నా చెయ్యి పట్టుకుని అక్కడికి నడిపించుకుని పోయింది.

"ఏందక్కా, మీ పొల్ల ఏమంటుందో ఇను. తలంబ్రాలు నువ్వు కల్పినవంట?"

అమ్మ చేతులు కొంగు కింద ఉన్నాయి. చింతపండుతో ఎంత తోమినా గోళ్ల సందుల్లో పసుపు పోలేదని నాకు తెలుసు. అమ్మ నావైపు చూసింది. ఎక్కువసేపు కాదు.

"అవద్దమాడుతది అక్కా అది," అంది. "నలుగుట్ల గొప్పలకు పోతది. సత్తెమ్మ కల్పింది. మీకెరుకే గద సత్తెమ్మ."

"గట్లనా! నా పాణం పోయినంత పనయింది." మేనత్త నవ్వి నా చెంప మీద ఒకటి వేసింది, దెబ్బ అనలేనంత మెల్లగా. "ఆడిపిల్ల గిట్ల అవద్దాలాడొద్దే. పో, పళ్లెం తీస్కపో."

తీసుకెళ్లాను. బాజాలు మోగాయి. పెళ్లికూతురు, పెళ్లికొడుకు పోటీపడి దోసిళ్లతో పోసుకున్నారు, అందరూ నవ్వారు, బియ్యం కార్పెట్ మీద రాలి కాళ్ల కింద నలిగింది. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. వెనక నుంచి అమ్మ గొంతు, విస్తళ్లు తక్కువ పడ్డాయని ఎవరినో కేకలేయడం వినిపించింది.

ఆ మూడు పెళ్లిళ్లు మాకే వచ్చాయి. తర్వాత బాలాపూర్ నుంచి, మామిడిపల్లి నుంచి కూడా పిలిచారు. నా చదువు వాటితోనే గడిచింది. ఆ పగటి సంగతి అమ్మ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అడిగినదానికి తప్ప ఎవరికీ ఏమీ చెప్పని పిల్లగా మారాను. బడిలో టీచర్లు బుద్ధిమంతురాలు అనేవారు. అమ్మ అది మరిచిపోయిందనే చాలా ఏళ్లు అనుకున్నాను.

నా పెళ్లి ఏర్పాట్లు కూడా అమ్మే చేసింది. ముందురోజు బియ్యం చాటలో పోసి, కలపడానికి ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలవబోతుంటే, నువ్వే కలుపమ్మా అన్నాను.

"వద్దు బిడ్డా," అంది నవ్వుతూ. "రేపు ఎవలన్న అడిగితే నువ్వు చెప్తవు."

చెప్పనని నేను అనలేదు. చెప్తే ఏం, అని కూడా అనలేదు. ఆడవాళ్లు వచ్చి కలిపారు. ముహూర్తానికి అమ్మ వంటశాల దగ్గరికి వెళ్లింది. నేను మండపంలో కూర్చునే ఉన్నాను, పిలవొచ్చు, పిలవలేదు. అత్తగారి వైపు వాళ్లకు భయపడ్డానో, అలవాటో, ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ మహేశ్వరం హాలు ఇప్పుడు ఏదో కంపెనీ గిడ్డంగి. గుండిగలు అద్దెకు అడిగేవాళ్లు లేరు. విమానాలు వెళ్తుంటే ఎవరూ పైకి చూడరు. సామాను వ్యాను వెళ్లిపోయాక ఎదురుగా ఉన్న పూజా సామగ్రి దుకాణంలో నీళ్ల సీసా కొన్నాను. గల్లాపెట్టె పక్కన తలంబ్రాల ప్యాకెట్లు వేలాడుతున్నాయి, ప్లాస్టిక్‌లో సీలు వేసి, ముత్యాలు కూడా కలిపి. ఒకావిడ కూతురితో వచ్చి నాలుగు ప్యాకెట్లు తీసుకుంది. గింజలన్నీ పచ్చగా ఉన్నాయో లేదో వెలుతురులో పెట్టి చూసుకుంది. ఎవరు కలిపారని అడగలేదు.