షీటు కింద మట్టి

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, యాసంగి మొదట్లో, నన్ను జనగామ నుంచి మహబూబాబాద్ జిల్లాకు ఉద్యాన అధికారిగా బదిలీ చేశారు. కేసముద్రం దగ్గరి ఒక తండాలో మంగ్లీ అనే రైతు నా మాట మీదే పత్తి మానేసి, అరెకరంలో డ్రిప్పు పెట్టించి, తేమ ఆరకుండా మట్టి మీద కప్పే ప్లాస్టిక్ మల్చింగ్ షీటు పరిచి టమాట వేసింది. ఆమె భర్త హైదరాబాద్‌లో అడ్డా కూలీ. "ఈ పంట నిలబడితే ఆయన ఇంటికొస్తనన్నడు సారూ" అని నారు నాటిన రోజే చెప్పింది.

డ్రిప్పు తోటకు ఎరువు కూడా నీళ్లలో కరిగించి పైపుల్లోనే పంపుతాం. కాల్షియం ఎరువు ఒక రోజు, భాస్వరం ఎరువు మరో రోజు. రెండూ కలిస్తే సున్నంలా పేరుకుని, మొక్క మొదట్లో నీటి చుక్కలు వదిలే డ్రిప్పర్లు మూసుకుపోతాయి. ఏది ఏ రోజో కాగితం మీద రాసిచ్చాను గానీ, ఎందుకో చెప్పలేదు. పత్తికి నాలుగు మందులు ఒకే పంపులో కలిపి కొట్టడం అక్కడ ఇంటింటి అలవాటు. ఆమె ఈ రెండింటినీ ఒకే డ్రమ్ములో కలిపింది.

పూత దశలో చివరి వరుసలు వాడుతున్నాయని ఫోన్ చేసింది. వెళ్లి, నిలబడ్డ చోటి నుంచే ఆకులు చూసి, ఎండు తెగులన్నాను. కాండం కోసి నీళ్లలో ముంచితే, తెగులైతే పాలలాంటి జిగురు కారుతుంది; తెగులో కాదో అక్కడికక్కడే తేలేది. అదీ చేయలేదు. అన్నీ తెలుసన్న పొగరు, అంతే.

"జర షీటు లేపి సూద్దామా సారూ, కింద తడి ఉన్నదో లేదో?" అన్నదామె.

షీటు లేపితే చిరుగుతుంది, తేమ పోతుంది, ముట్టుకోవద్దని శిక్షణలో చెప్పింది నేనే. ఎన్నిసార్లు చెప్పాలమ్మా అని కసిరాను. తెగులు పాకకుండా వాడిన మొక్కలు పీకేయమన్నాను.

మొక్కలు వాడడం ఆగలేదు. ఆమె పీకుతూనే పోయింది. వారం తర్వాత నేను వెళ్లేసరికి తోటంతా గట్టు మీద కుప్పగా ఉంది. అప్పుడు లేపాను షీటు. మట్టి పొడిపొడిగా ఎండి ఉంది, డ్రిప్పర్ల నిండా తెల్లటి పొడి. ఆమె ఫోన్ చేసిన రోజే ఆ పొడి కరిగేలా ఆమ్లం పంపి పైపులు కడిగి ఉంటే పంట దక్కేది. ఆ సంగతి ఆమెకు చెప్పాను. సిగ్గుతో ఆమె ముఖం చూడలేకపోయాను.

ఆమె తిట్టలేదు. "సదువుకున్నోళ్లు గదా అని, నా అనుమానం నేనే ఇడిసిపెట్టిన సారూ" అన్నది.

నా నివేదికలో కారణం ఎండు తెగులనే ఉంది. దిద్దే ధైర్యం చేయలేదు. ఉగాదిలోపే ఆమె ఇంటికి తాళం వేసి, భర్తతో పాటు కూలికి హైదరాబాద్ వెళ్లిపోయింది.

రైతుకు నియమం ఒక్కటే చెబితే చాలదు, కారణమూ చెప్పాలి. రైతు అనుమానపడిన చోట అధికారి వంగి మట్టి పట్టి చూడాలి. ముప్పై ఏళ్ల నౌకరీలో నాకిది మంగ్లీ తోట పోయాకే తెలిసింది.